తొమ్మిదవ తరగతికి ముందు మూడేళ్ళు

దక్షిణ అండమాన్‌లో రోడ్డు ముగిసి సముద్రం మొదలయ్యే చోట వండూర్ గ్రామం ఉన్నది. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుండి అక్కడికి ముప్పై కిలోమీటర్లలోపు ప్రయాణం. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సాగర జాతీయ ఉద్యానవనానికి ఈ ఊరే వాకిలి. జాలీ బోయ్, రెడ్ స్కిన్ దీవుల పగడపు దిబ్బలను చూడవచ్చే యాత్రికులు ఇక్కడి రేవులోనే పడవ ఎక్కుతారు.

ఈ ఊరి పేరులోనే కొంత చరిత్ర ఉన్నది. 1921 నాటి మలబారు తిరుగుబాటు తరువాత ద్వీపాంతరవాస శిక్ష పొందిన మాప్పిళ్ళలు తాము విడిచివచ్చిన ఊళ్ళ పేర్లను ఇక్కడి పల్లెలకు పెట్టుకొన్నారు. వండూర్, మంజేరి, కాలికట్, తిరూర్ అన్నీ కేరళలోని ఊళ్ళ పేర్లే. 1949 నుండి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలు దక్షిణ అండమాన్ పల్లెలలో స్థిరపడినవి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి ఓడ ఎక్కి వచ్చిన తెలుగువారు చేపల వేటలోను, కూలి పనులలోను, చిన్న వ్యాపారాలలోను కుదురుకొన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు.

ఈ నెల మనం మాట్లాడుకోవలసినది పగడాలను గురించి కాదు. అటువంటి ఊరిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదువుకొంటున్న పిల్లలను గురించి. వారి ముందున్న సమస్య దేశమంతటా ఉన్నదే. అయితే సముద్రం మధ్యనున్న చిన్న ఊరిలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

చట్టంలో వచ్చిన మార్పు

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలయినది. ఎనిమిదవ తరగతి వరకు ఏ పిల్లవానినీ అదే తరగతిలో నిలిపివేయరాదని ఆ చట్టం తొలుత నిర్దేశించినది. 2019లో దానిని సవరించి, 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టి, అవసరమైతే నిలిపివేసే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని పాఠశాలలకు ఆ మేరకు నియమాలను ప్రకటించినది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలలకు ఈ చట్టం ప్రకారం కేంద్రమే సంబంధిత ప్రభుత్వం. అండమాన్ నికోబార్ దీవులు అటువంటివే.

ఆ నియమాల సారాంశం ఇది. ఎనిమిదవ తరగతి చివర పరీక్షలో నెగ్గని విద్యార్థికి అదనపు బోధన చేసి, ఫలితాలు వెలువడిన రెండు నెలలలోగా మరొకసారి పరీక్ష పెట్టాలి. అప్పుడు కూడా నెగ్గకపోతే అతడు అదే తరగతిలో ఉండిపోతాడు. అటువంటి వారి జాబితాను ప్రధానోపాధ్యాయుడు స్వయంగా ఉంచుకొని వారి పురోగతిని గమనించాలి. పరీక్ష బట్టీ పట్టిన పాఠాలను కాక, గ్రహణశక్తిని కొలిచేదిగా ఉండాలి. ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు ఏ పిల్లవానినీ బడి నుండి తొలగించరాదు.

నియమాలు సమంజసంగానే ఉన్నవి. కాని తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల వయసు వారిని ఉద్దేశించినది. ఎనిమిదవ తరగతి దాటిన తరువాత పిల్లవానిని బడిలో నిలిపి ఉంచేది ఆ చట్టం కాదు. అతని శ్రద్ధ, ఇంటివారి పట్టుదల. గట్టి పునాది లేకుండా తొమ్మిదవ తరగతిలో అడుగుపెట్టినవానికి ఆ రెండూ త్వరలోనే సన్నగిల్లే ప్రమాదం ఉన్నది.

రెండు నెలలలో తీరే వెలితి కాదు

ఎనిమిదవ తరగతి చివర బయటపడే లోపం ఆ సంవత్సరంలో పుట్టినది కాదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతంలో జరిపిన 2018 నాటి సర్వేలో, ఎనిమిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని తడబడకుండా చదవగలిగినవారు నూటికి 73 మంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు నూటికి 44 మంది మాత్రమే. భాగహారం రానివానికి బీజగణితం ఎట్లా వస్తుంది? చదివిన వాక్యం అర్థం కానివానికి భౌతికశాస్త్రం ఎట్లా బోధపడుతుంది?

నిలిపివేయకపోవడం వల్లనే చదువు చెడినదని కొందరు అంటారు. నిలిపివేస్తే పిల్లలు బడి మానుకొంటారని మరికొందరు అంటారు. ఈ రెండు వాదాలలోను కొంత నిజం ఉన్నది. అయితే పరీక్ష జ్వరమానిని వంటిది. దానిని పారవేసినందువల్ల జ్వరం తగ్గదు, పదే పదే పెట్టి చూచినందువల్లనూ తగ్గదు. మందు వేయవలసినది ముందుగా, ఆరవ తరగతిలోనే. రెండు నెలల అదనపు బోధన ఒక పాఠ్యాంశాన్ని చక్కదిద్దవచ్చు గాని మూడేళ్ళ వెలితిని పూడ్చలేదు.

ఇంట్లోనే చేయగల పరీక్ష

ఆ వెలితి ఎక్కడున్నదో కనుగొనడానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఆరవ తరగతి పిల్లవాని సైన్సు పుస్తకంలో ఏదైనా అరపేజీ తీసి పైకి చదవమనండి. తరువాత పుస్తకం మూసి, చదివినది తన మాటలలో చెప్పమనండి. తడబడుతూ చదివితే లోపం చదువరితనంలో ఉన్నది. గడగడ చదివి ఏమీ చెప్పలేకపోతే లోపం అర్థగ్రహణంలో ఉన్నది. రెండింటికీ చికిత్స వేరు. మొదటివానికి రోజూ పావుగంట పైకి చదివించడం అవసరం. రెండవవానిని ప్రతి పేరాకు ఆపి, ఏమి చెప్పినదో అడగాలి.

ద్వీపాలలో దీనికి తోడు భాషా సమస్య కూడా ఉన్నది. అక్కడ బోధన హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో సాగుతూ వచ్చినది. ఇంట్లో తెలుగు, ఆటస్థలంలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు ఉండే పిల్లవాడు, తెలివితేటలకు లోటు లేకపోయినా, మాట దొరకక వెనుకబడవచ్చు. అటువంటివాడు పాఠం సారాంశాన్ని ఇంట్లో తెలుగులో చెబితే తప్పేమీ లేదు. ఒక భాషలో బాగా అర్థమైన విషయాన్ని మరొక భాషలోకి తీసుకుపోవడం సులభం. ఏ భాషలోను అర్థం కాని దానిని బట్టీ పట్టడమే మిగులుతుంది. తమకు ఇంగ్లీషు రాదని వెనుకాడే తల్లిదండ్రులు కూడా ఈ విధంగా పిల్లలకు సహాయపడగలరు.

లెక్కలలో మూడు విషయాలు చూడండి: భాగహారం, భిన్నాలు, ఋణ సంఖ్యలు. హైస్కూలు గణితమంతా వీటి మీదనే నిలబడి ఉన్నది. వీటిని నేర్పడానికి వండూర్ పిల్లలకు సముద్రం కంటె మంచి పుస్తకం లేదు.

ఆటుపోట్ల లెక్క

అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తీస్తుంది. ప్రతి పోటూ మరునాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు తీసినప్పటి నుండి పొంగేవరకు సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆ ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, రెండవ గంటలో రెండు, మూడు నాలుగు గంటలలో మూడేసి, ఐదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒకటి చొప్పున నీరు పెరుగుతుందని నావికులు ఉజ్జాయింపుగా లెక్క కడతారు.

ఉదాహరణకు మొత్తం పెరుగుదల 180 సెంటీమీటర్లు అనుకొందాం. ఒక భాగం 15 సెంటీమీటర్లు. కనుక గంట గంటకు పెరుగుదల 15, 30, 45, 45, 30, 15. మూడు గంటలకు ఎంత? పెరుగుదలలో సగం. నాలుగు గంటలకు? పన్నెండింట తొమ్మిది, అంటే మూడు వంతులు. భిన్నాలను కూడడం, కుదించడం, పోల్చడం అన్నీ ఈ ఒక్క లెక్కలోనే వచ్చినవి. పిల్లవాడు రేవులోని స్తంభం మీద గంట గంటకు గుర్తు పెట్టి చూచుకొంటే తన లెక్క ఎంతవరకు సరిపోయినదో తానే తెలుసుకొంటాడు.

ఋణ సంఖ్యలకు కూడా అక్కడి నేలే ఉదాహరణ. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగినది. పోటు మట్టానికి 60 సెంటీమీటర్లు పైనున్న పొలం 100 సెంటీమీటర్లు కుంగితే ఇప్పుడు ఎక్కడ ఉన్నట్లు? మట్టానికి 40 సెంటీమీటర్లు దిగువన, అంటే ఋణం 40. ఉప్పునీరు పొలాలలోకి ఎందుకు వచ్చినదో ఆ చిన్న గుర్తు చెబుతుంది.

సముద్రం లేని ఊళ్ళలో చెరువు మట్టం ఉన్నది, బావి లోతు ఉన్నది, సంతలో తూకం ఉన్నది. వస్తువు ఏదైనా ఫరవాలేదు, లెక్క పిల్లవాని కంటి ముందు జరగాలి.

హాజరు పట్టీ చెప్పే నిజం

ఏ పిల్లవాడు హైస్కూలులో నిలదొక్కుకొంటాడో ముందుగా చెప్పడం సాధ్యమా? ఈ ప్రశ్నను అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ నగరపు బడులలో సంవత్సరాల తరబడి పరిశీలించారు. తొమ్మిదవ తరగతి చివరకు సక్రమంగా సాగుతున్న విద్యార్థులు, వెనుకబడినవారికంటె మూడున్నర రెట్లకు మించి హైస్కూలు చదువు పూర్తిచేసే అవకాశం ఉన్నదని 2005లో తేల్చారు. 2014లో ప్రకటించిన మరొక పరిశీలనలో, అంతకు ముందు తరగతులలోని హాజరు, తరగతి మార్కులు పెద్ద పరీక్షల మార్కులకంటె నమ్మదగిన సూచికలని కనుగొన్నారు.

మన చట్టం ఆరు నుండి ఎనిమిది తరగతులకు సంవత్సరానికి 220 పనిదినాలు నిర్ణయించినది. నెలకు రెండు రోజులకు కాస్త మించి మానితే సంవత్సరంలో 22 రోజులవుతాయి. అంటే చదువులో పదవ వంతు పోయినట్లే. "రెండు రోజులే కదా" అన్న మాట వెనుక ఇంత నష్టం ఉన్నది.

ద్వీపాలలో మానడానికి కారణాలు తక్కువ కాదు. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. యాత్రికుల రాక జోరుగా ఉండే నెలలూ, సంవత్సరాంత పరీక్షలకు చదువుకోవలసిన నెలలూ ఒకటే. పడవ మీదనో దుకాణంలోనో బతుకుతెరువు ఉన్న తండ్రికి సరిగా అప్పుడే తీరిక ఉండదు; చేతి సాయానికి పిల్లవానిని పిలవాలనీ అప్పుడే అనిపిస్తుంది. కోస్తాలో కోతల కాలం, ఇటుక బట్టీలకు వలసపోయే కాలం కూడా ఇటువంటివే. బీద కుటుంబాన్ని దీనికి నిందించడం న్యాయం కాదు. కాని మానిన రోజులను ఇంటి గోడ మీది క్యాలెండరులో గుర్తుపెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. నెల చివర రెండు గుర్తులు కనిపిస్తే ఉపాధ్యాయుని కలుసుకొని, పోయిన పాఠాలేవో అడగవలె. ఉపాధ్యాయుడు కూడా మూడవ రోజు రాని పిల్లవాని ఇంటికి కబురు పంపవలె.

వండూర్ రేవులో పడవ నడిపేవాడు నీరు తీసిన తరువాత వచ్చి చింతించడు. పోటు వేళ ముందే తెలుసుకొని, దానికి తగినట్లు పడవ సిద్ధం చేసుకొంటాడు. ఎనిమిదవ తరగతి పరీక్ష వేళ కూడా మనకు ముందే తెలుసు. మీ ఇంట్లో ఆరవ తరగతి చదివే పిల్లలున్నారా? ఈ రాత్రి భోజనాలైన తరువాత సైన్సు పుస్తకం తెప్పించి, అరపేజీ చదివించి వినండి.