సీసపు రేకు – చివరి బిల్లు

ఈ వారం డాబాలు కురవడం గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. ఇంగ్లండులో కాపురముంటున్న మా మేనల్లుడి కప్పు అడ్డం వచ్చింది.

ఇంటి వెనుక కొత్తగా గది దించాడు. దాని కప్పు పాత గోడను తాకే చోట వాననీరు దిగకుండా అక్కడ సీసపు రేకు వేస్తారు. “రేకంతా అలలు అలలుగా ఉంది మామయ్యా! మేస్త్రి చివరి బిల్లు అడుగుతున్నాడు. ఇవ్వనా, ఆపనా?” అని ఫోను.

అలలకు భయపడకురా అన్నాను. సీసం మెత్తన, చేత్తో కొట్టి కూర్చిన పనికి కాస్త వంకర సహజం. చూడవలసింది పొడవు. సీసం ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ఒక్కో ముక్క మీటరున్నర దాటకూడదు. ముక్క మీదికి ముక్క కనీసం 100 మిల్లీమీటర్లు ఎక్కాలి. ఈ కొసనుంచి ఆ కొసకు ఒకే రేకు పరిస్తే అతుకులే లేవని మనం మురిసిపోతాం. కొన్నాళ్లకు అది కాస్తా చీలుతుంది.

పై అంచు ఇటుకల మధ్య 25 మిల్లీమీటర్ల గాడిలోకి దూరాలి. సీసపు ముక్కలు దిగ్గొట్టి బిగించాలి. గాడి తియ్యకుండా గోడకు జిగురుతో అంటిస్తే పని కానట్టే. దళసరి మామూలుగా ‘కోడ్ 4’, అంటే 1.8 మిల్లీమీటర్లు. తెల్లచారలు కారితే నూనె పుయ్యలేదన్నమాట, అందానికే లోపం.

నిచ్చెన ఎక్కి చూశాడు. ఒకటే ముక్క, నాలుగు మీటర్లు! బిల్లు ఆగింది, మేస్త్రి అలిగాడు. సీసం విషం, ముట్టుకుంటే చేతులు కడుక్కోమని చెప్పడం మరిచాను. రాత్రికి మళ్లీ ఫోను చెయ్యాలి.