జాకా యను పేరు

పనసపండును ఆంగ్లేయభాషలో జాక్‌ఫ్రూట్ అందురు. జాక్ అనునది ఆంగ్లేయులలో సామాన్యమైన పురుషనామము గనుక, ఎవడో యొక జాక్ దొర పేరు ఈ పండునకు వచ్చినదని బాలురు తలంచుట సహజము. ఈ యూహ వినుట కింపుగా నున్నను సత్యము గాదు.

ఆంగ్లేయులకు ఈ మాట పోర్చుగీసువారి వలన లభించినది. పోర్చుగీసు భాషలో పనసకు 'జాకా' యని పేరు. 1498వ సంవత్సరమున వాస్కో డ గామా మలబారు తీరమును చేరిన పిదప, పోర్చుగీసువారు అచ్చటి జనులు పలుకు 'చక్క' యను మలయాళ పదమును విని, తమ నోటికి అనువగునట్లు మార్చుకొనిరి. గోవాలో నివసించిన గార్సియా ద ఓర్తా యను వైద్యుడు 1563వ సంవత్సరమున ఆ పట్టణముననే అచ్చువేయించిన ఓషధి గ్రంథములో జాకాను గూర్చి వ్రాసెను. పిమ్మట పోర్చుగీసువారు ఆ చెట్టును బ్రెజిలు దేశమునకు గొనిపోయిరి. అచ్చటి ప్రజలు నేటికిని దానిని జాకా యనియే పిలుచుచున్నారు. చెట్టుతో గూడ మలయాళపు మాటయు సముద్రము దాటినది!

మనమును ఇట్లే పుచ్చుకొంటిమి. మన అనాస పోర్చుగీసువారి 'అననాస్' నుండి వచ్చినది. వారికది దక్షిణామెరికా ఆదిమజనుల మాట. 'కాజూ' యను పేరును అట్టిదే. అయినను దాని విషయమున తెలుగువారు, తా మెఱిగిన జీడిని మామిడిని జతపఱచి, జీడిమామిడి యను చక్కని పేరు కల్పించుకొనిరి.

అన్యదేశ్యములను భాషనుండి వెలివేయవలెనని వాదించువారు కొందఱు గలరు. వారితో మేము ఏకీభవింపజాలము. అనాసను వెలివేసినచో సంతలో పండ్లమ్ము అవ్వకు మన మాట తెలియునా? మాటను పుచ్చుకొనుట దాస్యము గాదు. క్రొత్తపేరు కల్పించుట గర్వమును గాదు. రెండును బ్రదికియున్న భాషకు లక్షణములే. ఐరోపావారు ఇచ్చువారు, మనము పుచ్చుకొనువారము అను తలంపును సరి గాదు. జాకాయే అందులకు సాక్షి.

కావున విద్యార్థులారా, ఒక మాట మఱియొక మాటను బోలినంతమాత్రమున కథలల్లకుడు. ఆ వస్తువు ఎచ్చట పుట్టెను, దానిని ఎవరు తెచ్చిరి, ఏ రేవున దిగెను అని విచారింపుడు. అట్లు విచారించినచో, చరిత్రలో పేరెక్కని మలబారు కర్షకుల పలుకు దేశదేశములలో నేటికిని వినబడుచుండుట మీరే గ్రహింపగలరు.