డిగ్రీకి చిన్న కాలేజీ, పీజీకి పెద్ద యూనివర్సిటీ

ప్లస్ టూ అయిందంటే ఇంట్లో మొదలయ్యే మాట ఒకటే: "చేరితే పెద్ద యూనివర్సిటీలోనే చేరాలి." మన చెల్లెళ్ళు, పక్కింటి పిల్లలు ఇప్పుడు మనల్నే సలహా అడుగుతున్నారు కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను. డిగ్రీకి చిన్న కాలేజీయే మేలు. పీజీకి పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాలి.

ముందు పేరు సంగతి. మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది. మెరీనా ఎదురుగా ఉన్న ఆ క్యాంపస్‌లో ప్రధానంగా నడిచేవి పీజీ, పరిశోధన. డిగ్రీ చదువు అనుబంధ కాలేజీల్లోనే జరుగుతుంది. ఆ కాలేజీ అటానమస్ అయినా పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే. అంటే ఒట్టి పేరు కోసమైతే ఎక్కడికీ పోనక్కరలేదు.

ఇక తెలుగు సంగతి. మనలో చాలామందికి తెలుగు ఇంటి మాటే గానీ బడి చదువు కాదు. 2006 చట్టంతో తమిళనాడు బళ్ళలో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మా ఇంట్లో నాన్నతో తమిళం, అమ్మతో తెలుగు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అలాంటి ఇంటి పిల్ల తెలుగు రాయాలంటే, ఆ రాసింది చదివి, దిద్ది, మళ్ళీ రాయించే మేడమ్ కావాలి. వందమంది క్లాసులో వెనక బెంచీలో దాక్కోవచ్చు. పదిహేనుమందిలో దాక్కోలేం!

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్లస్ టూ తర్వాతే ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. తెలుగు ఉంది కదా అనొచ్చు. తెలుగే నా దారి అని అప్పటికే తేల్చుకున్నవాళ్ళకి అది మంచిదే, కాదనను. కానీ హిస్టరీయో ఎకనామిక్సో చదువుతూ తెలుగు కూడా ఉండాలనుకునే మనలాంటివాళ్ళకి పార్ట్ వన్ తెలుగు ఉన్న కాలేజీయే సరిపోతుంది.

చిన్న కాలేజీకి లోటు లేదని కాదు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు అన్నీ చెప్పలేరు. శాసనాలు, భాషాశాస్త్రం లోతుగా చదవాలంటే యూనివర్సిటీ గడప తొక్కాల్సిందే. కోరాడ రామకృష్ణయ్య, నిడదవోలు వెంకటరావు వంటి పండితులు పనిచేసిన తెలుగు శాఖ మన ఊళ్ళోనే, మద్రాసు యూనివర్సిటీలో ఉంది. అక్కడే తమిళ, కన్నడ, మలయాళ శాఖలూ ఉన్నాయి. రెండు భాషల ఇళ్ళ పిల్లలకి అంతకంటే ఏం కావాలి? అయితే అక్కడికి వెళ్ళేసరికి మన చేతికి రాత వచ్చి ఉండాలి. ఆ పని జరిగేది ఇక్కడే.

ఇంకో మాట. క్లాసులో పిల్లలు తగ్గితే ముందుగా ప్రశ్న వచ్చేది చిన్న శాఖల మీదే. అందరం పెద్ద పేరు వెంట పోతే, రేపు తెలుగు రాయడం రాని చెన్నై అమ్మాయికి అక్షరం దిద్దించే చోటే మిగలదు. నాలుగో సెమిస్టర్‌తో మన పార్ట్ వన్ అయిపోతుంది. ఈసారి అడ్మిషన్లప్పుడు మీ ఇంటి చుట్టుపక్కల ఒక్క తెలుగు పిల్లకైనా ఈ క్లాసు ఉందని చెప్పండి.