మంగళం పాడని ఆట

మొన్న వేసవి సెలవులకి మా మనవడు భువనేశ్వర్ నుంచి బరంపురం వచ్చాడు. పధ్నాలుగేళ్ళవాడు. వస్తూ వస్తూ కంప్యూటరు కూడా చంకన పెట్టుకొచ్చాడు. టిఫినూ భోజనమూ అన్నీ దాని ముందే. "కళ్ళు పోతాయిరా" అని నేనూ, "అన్నం చల్లారిపోతోందిరా" అని మా ఆవిడా చెరో పాట పాడుతూనే ఉన్నాం. వినేవాడెవడు?

పదిహేనో రోజు రాత్రి వాడి గదిలో చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూద్దును కదా, తెర మీద సినిమా చివర్లోలాగా పేర్లు పైకి పాకుతున్నాయి. వీడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఓడిపోయావా?"

"గెలిచాను తాతయ్యా."

"మరి ఆ మొహమేమిటి?"

"అయిపోయింది. ఏమీ చెప్పకుండానే అయిపోయింది."

సంగతేమిటంటే, ఆ ఆటలో నాయకుడు తప్పిపోయిన చెల్లెల్ని వెతుకుతూ బయలుదేరతాడు. దారిలో ముగ్గురు స్నేహితులు తోడవుతారు. మావాడు పండగ డబ్బులు దాచుకుని మరీ కొని, నలభై గంటలు ఆడాడు. చివరి కోటలో రాక్షసుణ్ణి చంపగానే తలుపు తెరుచుకుంది, వెలుగొచ్చింది, పేర్లు మొదలయ్యాయి. చెల్లెలు బతికుందా? కోట బయట కాపలా నిలబడ్డ స్నేహితులేమయ్యారు? చెప్పిన నాథుడు లేడు.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు నవ్వొచ్చింది. ఆ తరవాత చిన్నప్పుడు విన్న హరికథ గుర్తొచ్చింది. మంగళం పాడి హారతి ఇచ్చేదాకా ఎవరూ లేవకూడదనేది మా అమ్మ. ఒకసారి మధ్యలో వానొస్తే జనమంతా గుడి చూరు కింద చేరాం. మైకు లేకపోయినా దాసుగారు అక్కడే నిలబడి కథ ముగించి, మంగళం పాడి గాని కదల్లేదు. కూర్చోవడం మా వంతు, ముగించడం ఆయన వంతు. మావాడు తన వంతు నలభై గంటలు కూర్చున్నాడు. అవతలివాళ్ళే లేచిపోయారు.

ఇది వాడొక్కడి బాధా కాదట. మర్నాడు కూర్చోబెట్టి చెప్పాడు. 'మాస్ ఎఫెక్ట్' అని 2007లో మొదలై మూడు భాగాలుగా సాగిన ఆట ఉంది. మనం చేసిన నిర్ణయాలు ఒక భాగం నుంచి మరో భాగానికి వెంట వస్తాయి. తీరా 2012 మార్చిలో మూడోది వస్తే, ఏ దారి ఎంచుకున్నా ముగింపులో ముఖ్యంగా మారేది వెలుగు రంగేనని ఆడినవాళ్ళు మండిపడ్డారు. కొందరు చందాలేసుకుని, తయారుచేసిన బయోవేర్ సంస్థకి సుమారు 400 చిన్న కేకులు పంపారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. రంగులు మూడు, రుచి ఒక్కటే! ఆ ఏడాది జూన్‌లోనే సంస్థ ముగింపుని పొడిగించి ఉచితంగా ఇచ్చింది.

ఇలా ఎందుకవుతుందిరా అంటే, విడుదల తేదీ ముందే ఖాయమైపోతుంది, కోత పడాల్సి వస్తే ఇంకా పూర్తికాని చివరి భాగం మీదే పడుతుంది అన్నాడు. 2004 డిసెంబరులో వచ్చిన 'స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2' అలాంటిదేనట. క్రిస్మస్ అమ్మకాలకి అందించాలన్న తొందరలో ఒక గ్రహం మొత్తం ఎగిరిపోయింది, ముగింపు అతుకుల బొంతయింది. కాని నటులు చెప్పిన మాటలు కొన్ని ఆటలోనే వాడకుండా ఉండిపోయాయి. అభిమానులు వాటిని వెలికితీసి, ఏళ్ళ తరబడి కూర్చుని, తెగిన కథని అతికారు. పైసా పుచ్చుకోకుండా అందరికీ పంచారు.

"ఒరే, వాళ్ళు మన ఎర్రన్నలురా!" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. చెప్పాను. 11వ శతాబ్దంలో నన్నయ మహాభారతం తెలుగు చేస్తూ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. ఆయనకి అమ్మకాల తొందర లేదులే. తరవాత తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు గాని ఆ మధ్య ఖాళీ ముట్టుకోలేదు. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చి పూరించాడు. పూరించి తన ప్రభువు పేరు పెట్టుకోలేదు. నన్నయ ఎవరికోసం మొదలుపెట్టాడో ఆ రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు.

"అతుకు ఎక్కడుంది తాతయ్యా? చూపించు."

బీరువాలోంచి పుస్తకం తీశాను. బడిలో వాడికి ఇంగ్లీషూ ఒడియానే. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. వేలు పెట్టి చూపించాను. నన్నయ చివరి పద్యమని చెప్పేది శరత్కాలపు రాత్రుల మీద. ఆ వెంటనే ఎర్రన మొదలుపెట్టింది అదే శరత్తులో తెల్లవారడం మీద.

వాడు రెండు పద్యాల మధ్య వేలుంచి కాసేపు చూశాడు. "రాత్రి దగ్గర ఆగితే పొద్దున్న నుంచి ఎత్తుకున్నాడన్నమాట" అన్నాడు. ఎన్ని సెలవుల్లో తెలుగు చెబుతానన్నా తప్పించుకున్నవాడు ఆ పూట రెండు పద్యాలూ చదివేదాకా లేవలేదు.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు ఆట ముగించి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, "ఆటేగా, పోనిద్దూ" అనకండి. కథ ఎక్కడ తెగిందో అడగండి. అడిగేటప్పుడు చేతికి కంచం కూడా ఇవ్వమని మా ఆవిడ రాయమంది.