సిలిండర్ 400కే ఇస్తామన్నా...

ఒక యాప్‌లో ధర చూసి, వంద తక్కువుంటుందేమోనని ఇంకో యాప్ తెరవడం మనందరికీ అలవాటే. 2023 అక్టోబర్‌లో బీఆర్‌ఎస్ మ్యానిఫెస్టో చూస్తే నాకదే గుర్తొచ్చింది. అంతకు నెల ముందే తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. వాళ్లు గ్యాస్ సిలిండర్ 500 అంటే వీళ్లు 400 అన్నారు. రైతుకు ఎకరానికి ఏడాదికి వాళ్లు 15 వేలంటే వీళ్లు పెంచుకుంటూ 16 వేల దాకా ఇస్తామన్నారు. మహిళలకు నెలకు 2,500 అంటే 3,000!

ఈ ఆట మనకు కొత్తేం కాదులెండి. ఎన్టీఆర్ కిలో బియ్యం 2 రూపాయలు అనగానే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1.90కే ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా 1983 జనవరిలో గెలిచింది తెలుగుదేశమే. అప్పుడు ప్రాంతీయ పార్టీని జాతీయ పార్టీ కాపీ కొట్టింది. 2023లో రివర్స్.

టీఆర్‌ఎస్ 2001లో పుట్టిందే ఒక్క డిమాండ్‌తో. దానికోసం 2004లో కాంగ్రెస్‌తో, 2009లో టీడీపీతో జట్టు కట్టింది. మిగతా విషయాల్లో ఎంత సర్దుకున్నా, ప్రత్యేక రాష్ట్రం మాట మాత్రం వదల్లేదు. ఆ సరుకు ఇంకో కొట్లో దొరకదు మరి. రాష్ట్రం వచ్చాక డిమాండ్ తీరిపోయింది, పథకాలు మిగిలాయి. 2018లో రైతుబంధు తెచ్చి 88 సీట్లు గెలిచారు. కానీ పథకానికి కాపీరైట్ ఉండదు కదా. మరుసటి ఏడాదే కేంద్రం పీఎం కిసాన్ తెచ్చింది. 2022లో పార్టీ పేరులోంచి తెలంగాణను కూడా తీసేశారు. ఇది నాకిప్పటికీ అర్థం కాదు. ఎవరూ కాపీ కొట్టలేనిది ఆ పేరొక్కటే.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నది ఉద్యమం నాటి నినాదం. అందులో మూడో మాటను 2023 మేలో సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ ఎత్తుకుంది. మొదటి ఏడాదిలోనే 2 లక్షల ఉద్యోగాలంది. అదే ఏడాది ఇక్కడ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. మార్చిలో పేపర్ లీకైందని, సెప్టెంబర్‌లో హైకోర్టు తీర్పుతో.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే నా బీటెక్ ఫ్రెండ్‌ను అప్పట్లో అడిగా, సిలిండర్ ఎవరిది బాగుందని.

"నేనుండేది హాస్టల్లో మామా, సిలిండర్‌తో నాకేం పని? నోటిఫికేషన్ ఎప్పుడో చెప్పమను."

బీఆర్‌ఎస్‌కు 39 సీట్లొచ్చాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 17లో ఒక్కటీ రాలేదు. మావాడింకా అశోక్‌నగర్‌లోనే ఉన్నాడు. ఆ 2 లక్షల లెక్క ఇప్పుడు కాంగ్రెస్‌ను అడుగుతున్నాడు.