పాస్‌వర్డ్ సరైనదే, ఫోనే కాదంటోంది: ఎవరినీ తొందరపడి నిందించవద్దు



ఈ వారం ఒక చిన్న విషయం మాట్లాడుకుందాం. ఇంట్లో వైఫై ఉంది. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. అదే పాస్‌వర్డ్‌తో ఇంట్లో రెండు ఫోన్లు చక్కగా పనిచేస్తున్నాయి. మూడో ఫోన్‌లో అక్షరం అక్షరం చూసి కొట్టినా "పాస్‌వర్డ్ తప్పు" అని వస్తుంది. మళ్లీ కొడతాం, మళ్లీ అదే మాట.

ఇందులో ఇబ్బంది ఇంటర్నెట్ రాకపోవడం ఒక్కటే కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని మనుషుల మీద అనుమానం మొదలవుతుంది. "నిన్నటిదాకా వచ్చింది, మాకు తెలియకుండా మార్చేసినట్టున్నారు" అని పక్కింటివాళ్లు ముఖం ముడుచుకుంటారు. "సరిగ్గా చెప్పమంటే వంకర చెప్పావు" అని అత్త కోడలిని అంటుంది. "నీకు రాదులే నాన్నా, ఇటివ్వు" అని కొడుకు తండ్రి చేతిలోంచి ఫోన్ లాక్కుంటాడు. ఆ తండ్రి మళ్లీ ఆ ఫోన్ ముట్టుకోవడానికి జంకుతాడు. పాస్‌వర్డ్ ఇచ్చినవాడు అబద్ధికుడు, కొట్టినవాడు తెలివితక్కువవాడు అని ఒక యంత్రం తీర్పు చెప్పినట్టు, మనం దాన్ని ఒప్పుకున్నట్టు అయిపోతుంది.

మేము చెప్పదలచినది ఇదే. ఫోన్ చూపించే "పాస్‌వర్డ్ తప్పు" అనే మాట సాక్ష్యం కాదు, చాలాసార్లు అది ఒక ఊహ మాత్రమే. ఊహను పట్టుకుని మనిషి మీద నింద వేయకూడదు.

ఊహ అని ఎందుకంటున్నామో వినండి. ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది డబ్ల్యూపీఏ2 అనే పద్ధతి. ఇది 2004 నుండి ఉంది. ఈ పద్ధతిలో మనం కొట్టిన పాస్‌వర్డ్ గాలిలో ప్రయాణమే చేయదు. ఫోన్ దాన్ని రౌటర్‌కు పంపదు. ఫోనూ రౌటరూ ఎవరికి వారు పాస్‌వర్డ్‌నూ వైఫై పేరునూ కలిపి, 4096 సార్లు తిప్పి లెక్కకట్టి, ఒక రహస్య తాళం తయారుచేసుకుంటాయి. తర్వాత నాలుగు చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, ఇద్దరి దగ్గరా ఉన్న తాళం ఒకటేనా అని చూసుకుంటాయి.

మన మిర్చి అమ్మకంతో పోల్చి చూడండి. రైతూ కొన్నవాడూ ముందే ఒక ధర అనుకున్నారు. ఆ ధరను పదిమందిలో పైకి చెప్పరు. కాంటా దగ్గర బస్తాల తూకాలు మాత్రం పైకి చదువుతారు. ఎవరి పుస్తకంలో వారు గుణించుకుని, చివరి మొత్తం సరిపోయిందా అని చూసుకుంటారు. మొత్తం కలవకపోతే ధర మరిచిపోయి ఉండవచ్చు. యార్డు గోలలో ఒక తూకం సరిగా వినపడక కూడా ఉండవచ్చు. మొత్తం కలవలేదన్న సంగతి తెలుస్తుంది గానీ ఎందుకు కలవలేదో అందులోంచి తెలియదు.

వైఫైలోనూ అంతే. లెక్క కలవనప్పుడు డబ్ల్యూపీఏ2 రౌటర్ "నీ పాస్‌వర్డ్ తప్పు" అని జవాబు పంపదు. మౌనంగా ఉండి, ఒకటి రెండుసార్లు మళ్లీ ప్రయత్నించి, కనెక్షన్ తెంపేస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉండి సందేశం మధ్యలో పోయినా ఫోన్‌కు దొరికేది అదే మౌనం. ఆ మౌనానికి ఫోన్ ఒక అర్థం చెప్పుకుని మన ముందు "పాస్‌వర్డ్ తప్పు" అని రాస్తుంది. అందుకే దాన్ని ఊహ అన్నాం.

అయితే ఏం చేయాలి? వరుసగా చూద్దాం. తేలికైనవి ముందు, కష్టమైనవి తర్వాత.

మొదట, అదే పాస్‌వర్డ్‌ను ఇంకో ఫోన్‌లో కొత్తగా కొట్టి చూడండి. ముందునుంచే కలిసి ఉన్న ఫోన్‌ను చూసి "వస్తుంది కదా" అనుకుంటే చాలదు. రెండో ఫోన్‌లోనూ రాకపోతే పాస్‌వర్డ్‌నో రౌటర్‌నో చూడాలి. అందులో వచ్చి ఇందులో రాకపోతే ఈ ఫోన్‌నే చూడాలి. ఈ ఒక్క పరీక్షతో సగం గొడవలు ఆగిపోతాయి.

రెండవది, కంటి గుర్తు నొక్కి, కొట్టిన అక్షరాలు కనబడేలా పెట్టుకోండి. అంకె సున్నాకూ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ, అంకె ఒకటికీ చిన్న 'ఎల్'కూ పెద్ద 'ఐ'కీ తేడా రౌటర్ కింది చీటీ మీద సరిగా తెలియదు. ఎండలో ఆ చీటీ వెలిసిపోయి ఉంటే ఇంకా కష్టం.

మూడవది వాట్సాప్‌లో వచ్చిన పాస్‌వర్డ్. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఉంది. కొడుకు హైదరాబాదు నుండి పాస్‌వర్డ్ టైపు చేసి పంపుతాడు. వాడు చిన్న అక్షరం కొట్టినా, వాడి కీబోర్డు వాక్యం మొదలనుకుని మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. పాస్‌వర్డ్‌కు అటూ ఇటూ నక్షత్రం గుర్తులు ఉంటే వాట్సాప్ వాటిని లావు అక్షరాల కోసం పెట్టిన గుర్తులనుకుని మాయం చేస్తుంది. కింది గీతలను వాలు అక్షరాల గుర్తులనుకుంటుంది. కాపీ చేసి అతికిస్తే చివర ఒక ఖాళీ కూడా వచ్చి చేరవచ్చు. ఆ ఖాళీ మన కంటికి కనబడదు, లెక్కలో మాత్రం అది కూడా ఒక అక్షరమే. కొడుకు సరిగానే పంపాడు, తండ్రి సరిగానే కొట్టాడు. తేడా చేసింది మధ్యలో ఉన్న యంత్రం. కాబట్టి పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసుకుని, ఏది పెద్దక్షరమో కింద గీత గీసి, చేత్తో కొట్టండి.

నాలుగవది, ఫోన్ దాచుకున్న పాత జ్ఞాపకాన్ని తీసివేయండి. పాస్‌వర్డ్ ఎప్పుడో మారి ఉండవచ్చు. కేబుల్ అతను పాత డబ్బా తీసి అదే పేరుతో కొత్త డబ్బా పెట్టి ఉండవచ్చు. ఫోన్ మాత్రం పాతదాన్నే పట్టుకుని తలుపు తడుతూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి, ఆ పేరు మీద నొక్కి, "ఫర్గెట్" అనేది ఎంచుకోండి. తర్వాత కొత్తవారిలాగా మళ్లీ కలవండి. చాలా ఫోన్లు ఇక్కడే దారికొస్తాయి.

ఐదవది, ఫోన్‌నూ రౌటర్‌నూ ఆపి మళ్లీ వేయండి. రౌటర్ స్విచ్ తీసి, ఒక నిమిషం ఆగి వేయండి. వేసిన వెంటనే కాక లైట్లన్నీ నిలకడగా వెలిగాక ప్రయత్నించండి. ప్రయత్నించేటప్పుడు రౌటర్ ఉన్న గదిలోనే నిలబడండి. వరండాలో గోడల అవతల నుండి కొడితే, యార్డు గోలలో తూకం వినపడనట్టే అవుతుంది.

ఆరవది, రౌటర్ లోపలి అమరికలు. ఇక్కడ ఇంటర్నెట్ పెట్టించిన అతని సాయమో, చదువుకున్న పిల్లల సాయమో తీసుకోండి. 2018లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి వచ్చింది. రౌటర్‌లో అదొక్కటే పెట్టి ఉంటే, ఆ పద్ధతి తెలియని పాత ఫోన్ ఎన్నిసార్లు కొట్టినా కలవదు. రెండు పద్ధతులూ ఒప్పుకునేలా మార్చితే సరిపోతుంది. కొన్ని ఇళ్లలో ఫలానా ఫోన్లకే అనుమతి అని రౌటర్‌లో ఫోన్ల చిరునామాలు రాసి పెడతారు. ఆండ్రాయిడ్ 10 నుండీ, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుండీ ఫోన్ తన అసలు చిరునామా దాచి మారు చిరునామా చూపిస్తుంది. అది జాబితాలో ఉండదు కాబట్టి రౌటర్ లోపలికి రానివ్వదు. ఇన్ని ఫోన్లకు మించి వద్దు అని హద్దు పెట్టి ఉన్నా అంతే. ఇవేవీ పాస్‌వర్డ్ తప్పులు కావు. అయినా కొన్ని ఫోన్లు వీటికి కూడా పాస్‌వర్డ్‌నే అనుమానిస్తాయి.

చివరిది, ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రమే రీసెట్ చేయడం. దీనితో ఫొటోలు పోవు, నంబర్లు పోవు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లూ బ్లూటూత్ జతలూ పోతాయి. ఫోన్ మొత్తాన్ని రీసెట్ చేసేది వేరే ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

చేయకూడనివి రెండు ఉన్నాయి. రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కవద్దు. దానితో ఇంటర్నెట్ ఇచ్చినవారి యూజర్ పేరు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు ఒక ఫోన్ కోసం ఇల్లంతా ఆగిపోతుంది. అలాగే విసిగిపోయి పాస్‌వర్డ్ మొత్తం తీసేయవద్దు. దారిన పోయే ఎవడో మన వైఫైలో చేయరాని పని చేస్తే, ముందుగా అడిగేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారినే. పాస్‌వర్డ్ చెప్పే బాధ తప్పాలంటే మంచి దారి ఉంది. ఆండ్రాయిడ్ 10 నుండి, కలిసి ఉన్న ఫోన్‌లో "షేర్" నొక్కితే ఒక క్యూఆర్ వస్తుంది. రెండో ఫోన్ దాన్ని చూస్తే చాలు, పెద్దక్షరమా చిన్నక్షరమా అన్న తగాదా ఉండదు. ఆ బొమ్మలోనే పాస్‌వర్డ్ ఉంటుంది గనుక దాన్ని గ్రూపుల్లో మాత్రం పెట్టవద్దు.

పాస్‌వర్డ్ అనగానే బైబిలు చదివేవారికి న్యాయాధిపతులు 12వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపలా కాసి, దాటబోయే ప్రతివాని చేత షిబ్బోలెతు అనే మాట పలికించారు. ఎఫ్రాయిమువారికి ఆ మొదటి శబ్దం నోరు తిరగలేదు. నోరు తిరగనివాని ప్రాణం ఆ రేవులోనే పోయింది. అలా కూలినవారు 42,000 మంది అని అక్కడ లెక్క ఉంది. కాపలాదారుకు వినబడింది ఒక శబ్దం మాత్రమే. వాడి ఇల్లు, వాడి పిల్లలు, వాడి మనసు ఏదీ వినబడలేదు. ఆ అధ్యాయాన్ని మేము విజయగాథగా చదవలేకపోయాము, అన్నదమ్ముల దుఃఖంగానే చదివాము.

మన తండాల్లో ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, ఫోన్‌లో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య నడిచే అమ్మకు ఇంగ్లీషులో పెద్దక్షరం, చిన్నక్షరం అని రెండు ఉంటాయని ఎవరూ నేర్పలేదు. ఆ తల్లిని ఒక అక్షరం దగ్గర ఆపి "నీకేం తెలుసు" అంటే, ఆ రేవు దగ్గర కాపలా కాసినవారికీ మనకూ తేడా ఏముంది?

ఫోన్లు తయారుచేసేవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఫోన్‌కు నిజంగా తెలిసింది "కలవలేకపోయాను" అన్నంతవరకే. అయితే అదే రాయాలి. "పాస్‌వర్డ్ తప్పయి ఉండవచ్చు, సిగ్నల్ తక్కువై ఉండవచ్చు, పాత వివరాలు మిగిలి ఉండవచ్చు" అని తెలుగులో నాలుగు ముక్కలు రాస్తే వారికి పోయేదేమీ లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం మనుషుల్లో ఎంత చెడ్డదో యంత్రంలోనూ అంతే చెడ్డది.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద వ్యాసమా అని ఎవరైనా అనవచ్చు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మన మండలంలో సీతారాం తండాను ముంచెత్తింది. అవతల ఉన్న మనవారి గొంతు ఒక్కసారి వినబడితే చాలని ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో వేరే చెప్పనవసరం లేదు. దుబాయిలో ఉన్న కొడుకు ముఖం తల్లికి కనబడేదీ, బిడ్డ చదువుకునేదీ ఈ తీగ మీదనే. కాబట్టి అది కలవాలి. దానికంటే ముందు ఇంటివాళ్లమూ ఇరుగుపొరుగువాళ్లమూ కలిసి ఉండాలి.

ఈసారి ఎవరైనా "పాస్‌వర్డ్ తప్పంటోంది" అని మీ దగ్గరికి వస్తే, ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చోబెట్టుకుని, వారి వేలితోనే "ఫర్గెట్" నొక్కించి, వారి చేతే మళ్లీ కొట్టించండి. పక్కింటివారు పాస్‌వర్డ్ మార్చేశారని అనుమానం వస్తే, ముఖం తిప్పుకునే ముందు వారి గుమ్మం దాకా వెళ్లి ఒక్క మాట అడగండి.