35 మార్కుల దయ మనకు వద్దు

ఏటా డిసెంబరు రాగానే ఉన్నత పాఠశాలల్లో ఒక హడావుడి మొదలవుతుంది. వంద రోజుల ప్రణాళిక ప్రకటిస్తారు. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు. పదో తరగతి విద్యార్థులను బాగా చదివేవారు, ఫరవాలేదనిపించేవారు, వెనుకబడినవారు అని విడదీసి జాబితాలు రాస్తారు. వెనుకబడినవారి చేతిలో ఒక పలుచని ప్రశ్నల పుస్తకం పెట్టి, ఇంతవరకు వల్లె వేస్తే గట్టెక్కుతారని చెబుతారు. ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లోనూ, మన బస్తీల పక్కనున్న ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఆ మూడో జాబితాలోకి మన పిల్లల పేర్లు ఎంత సులువుగా చేరిపోతాయో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పలుచని పుస్తకం లక్ష్యం ఏమిటి? 35 మార్కులు. అంతకు మించి అది దేనినీ వాగ్దానం చేయదు. పాఠశాలకు ఉత్తీర్ణత శాతం కావాలి. జిల్లాకు రాష్ట్రంలో మంచి స్థానం కావాలి. ఆ రెండు లెక్కల్లోనూ 35 తెచ్చుకున్న పిల్లవాడూ, 95 తెచ్చుకున్న పిల్లవాడూ సమానమే. బతుకు లెక్కలో మాత్రం వారిద్దరూ సమానం కారు. డిసెంబరులో మొదలయ్యే చదువు పిల్లవాడిని గట్టెక్కించగలదేమో గాని, ముందు వరుసలో నిలబెట్టలేదు. ముందు వరుస కావాలంటే ఎనిమిదో తరగతి నుంచే సిద్ధం కావాలి. ఆ సమయాన్ని, ఆ ఏర్పాట్లను మన పిల్లలకు ప్రభుత్వం ఇవ్వడం లేదు. మనమూ ఇవ్వడం లేదు. ఈ రెండు వైఫల్యాలనూ ఒకేసారి ప్రశ్నించవలసిన సమయం వచ్చింది.

మార్కులే తాళంచెవి అయిన చోట

పదో తరగతి మార్కులు ఆ తరువాత ఎవరికీ అక్కరకు రావని ఒక అపోహ మన ఇళ్లలో బలంగా ఉంది. ఇది నిజం కాదు. తెలంగాణలో బాసర, ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలలో నడిచే ట్రిపుల్ ఐటీల ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ కోర్సుకు సాధారణంగా వేరే ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి ప్రతిభే ప్రాతిపదిక. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు; పదో తరగతి మార్కుల వరుసే ఎంపిక జాబితా. రైల్వే అప్రెంటిస్ ఎంపికలో ఐటీఐ మార్కులతో పాటు పదో తరగతి మార్కులనూ కలిపి చూస్తారు. పాలిసెట్ ప్రశ్నలు పదో తరగతి స్థాయి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచే వస్తాయి. ఈ తలుపులన్నీ ఫీజు కట్టలేని ఇంటి పిల్లల కోసం తెరిచినవే. అంటే మన పిల్లల కోసం తెరిచినవే. వాటి ముందు 35 మార్కుల మెమో పట్టుకుని నిలబడినవాడికి లోపలికి దారి ఉండదు.

సామాజిక, విద్యాపరమైన వెనుకబాటుతనం ప్రాతిపదికగా ముస్లింలలోని 14 సమూహాలకు 2007లో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ సాధించుకున్నాం. అంతకుముందు చేసిన ప్రయత్నాలు హైకోర్టులో వీగిపోయాయి. 2007 నాటి చట్టమూ సుప్రీంకోర్టు గడప ఎక్కింది. 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుల నీడలో అది ఇప్పటికీ సాగుతున్నది. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న ఆ 4 శాతం ఏం చేస్తుంది? మన కోసం ఒక వరుసను కేటాయిస్తుంది. ఆ వరుసలో ఎవరు ముందు నిలబడాలో తేల్చేది మార్కులే. రిజర్వేషన్ కోసం వీధికెక్కి, మార్కుల విషయంలో ఇంట్లో మౌనంగా కూర్చోవడం సగం పోరాటమే అవుతుంది.

2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదికను మన సభల్లో తరచు ప్రస్తావిస్తుంటాం. అందులోని ఒక అంకెను మాత్రం తగినంతగా పట్టించుకోలేదు. 17 ఏళ్లు పైబడినవారిలో పదో తరగతి పూర్తి చేసినవారు దేశం మొత్తం మీద 26 శాతం ఉంటే, ముస్లింలలో 17 శాతమే. పట్టభద్రుల సంఖ్యలో, కొలువుల్లో మన కొరతను చూసి వాపోతున్నాం గాని, ఆ కొరత పుట్టిన చోటు పదో తరగతి గడపే. మన పిల్లలంతా మదర్సాలకే పోతారన్న ప్రచారాన్ని కూడా ఆ నివేదికే తిప్పికొట్టింది. బడి ఈడు పిల్లల్లో మదర్సాలలో చదివేవారు నూటికి నలుగురికి మించరు. మిగిలినవారు వెళ్లేది మామూలు బడికే. వారు ఓడిపోతున్నది ఆ బడిలోనే.

రంజాన్ నెల చెప్పే లెక్క

ఇంకొక విషయం మన ఇళ్లకు మాత్రమే సంబంధించినది. వంద రోజుల ప్రణాళికలు రాసే అధికారుల దృష్టికి అది రాదు. 2024లోనూ, 2025లోనూ పదో తరగతి పరీక్షలు రంజాన్ నెలలోనే సాగాయి. చాంద్రమానం ప్రకారం రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి రెండో వారం నాటికి మొదలవుతుంది. 2030 నాటికి జనవరి తొలి వారానికి చేరుతుంది. అంటే రాబోయే సంవత్సరాల్లో పునశ్చరణ, ప్రీ ఫైనల్ పరీక్షలు, సాయంకాలపు ప్రత్యేక తరగతులు అన్నీ రోజాల నడుమనే పడతాయి. సహ్రీకి లేచి, పగలంతా ఉపవాసముండి, సాయంత్రం తరగతిలో గడియారం వైపు చూస్తూ ఇఫ్తార్‌కు ఇంటికి పరుగెత్తి, తరావీహ్ ముగించుకుని వచ్చిన పిల్లవాడు అప్పుడు తొలిసారిగా త్రికోణమితి పాఠం తెరిస్తే అది తలకెక్కుతుందా? పేద ఇళ్ల మగపిల్లలు ఆ నెలలోనే బట్టల దుకాణాల్లో, హలీం బట్టీల దగ్గర నాలుగు రూపాయల కోసం పనికి కూడా కుదురుతారు.

ఇందులో రోజాల తప్పేమీ లేదు. తప్పంతా చదువును చివరి నెలకు వాయిదా వేసే ఏర్పాటుదే. డిసెంబరు నాటికి పాఠాలన్నీ ముగించి, రెండుసార్లు తిరగేసిన పిల్లకు రంజాన్ అడ్డు కాదు. చదివినదాన్ని ప్రశాంతంగా నెమరు వేసుకునే నెల అవుతుంది. ప్రత్యేక తరగతుల వేళలను రోజాలకు అనుగుణంగా మార్చమని అడగడం మన హక్కు. అది తప్పక అడుగుదాం. ఆ నెల వచ్చేలోగా సిద్ధమై ఉండడం మాత్రం మన చేతిలో పనే.

రెండు అభ్యంతరాలు

మొదటిది నిరాశ నుంచి వచ్చేది. "ఎన్ని మార్కులు వస్తే ఏం లాభం? పేరు చూసి పక్కన పెడతారు" అనే మాట మన యువకుల నోట తరచు వినిపిస్తుంది. వివక్ష ఉంది, కాదనేవారు కళ్లు మూసుకున్నవారు. కానీ వివక్ష ఎక్కువగా పనిచేసేది ఎవరో ఒకరి ఇష్టాయిష్టాల మీద ఎంపిక ఆధారపడిన చోట. మార్కుల వరుస ప్రకారం కంప్యూటరు తయారుచేసే జాబితాలో పేరు చూసి పక్కన పెట్టే వీలు తక్కువ. వివక్షకు అవకాశం తక్కువగా ఉన్న చోటనే మనం పోటీ పడకుండా తప్పుకుంటే, వివక్ష చేసేవాడి పనిని మనమే పూర్తి చేసినట్లు. అన్ని అర్హతలూ ఉండి అన్యాయానికి గురైనవాడి ఫిర్యాదుకు న్యాయస్థానంలోనూ బలం ఉంటుంది.

రెండో అభ్యంతరం జాలి నుంచి వచ్చేది. ఎనిమిదో తరగతి నుంచే పరీక్షల గోల ఎందుకు, పిల్లలపై ఒత్తిడి కాదా అంటారు. ఒత్తిడి పుట్టేది ముందుగా మొదలుపెట్టినందువల్ల కాదు, ఆలస్యం చేసినందువల్ల. మూడేళ్లలో రోజుకు గంట చొప్పున సర్దుకోవలసిన పనిని మూడు నెలల్లోకి కుదించినప్పుడే పిల్లవాడు నలిగిపోతాడు. కార్పొరేటు బడుల పన్నెండు గంటల చాకిరీని మన పిల్లలకు తెచ్చిపెట్టమని ఎవరూ కోరడం లేదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వే అలవాటు మానుకోమనే కోరుతున్నాం.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

ఉపాధ్యాయుడు లేని తరగతిలో ముందస్తు సన్నద్ధత అనే మాటకు అర్థం లేదు. ఉర్దూ మాధ్యమ పోస్టులలో రోస్టర్ ప్రకారం ఇతర వర్గాలకు కేటాయించినవి, ఉర్దూ తెలిసిన అభ్యర్థులు దొరకక, నియామకం తరువాత నియామకంలో ఖాళీగానే మిగిలిపోతున్నాయి. దళిత, ఆదివాసీ సోదరుల వాటాలో ఒక్క పోస్టు కూడా తగ్గకూడదు. ఆ వాటాను ఇతర మాధ్యమాల పోస్టులలో భర్తీ చేసి, ఉర్దూ పోస్టులను ఉర్దూ చదివినవారితో నింపడానికి ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. గణితం, సైన్సు ఉపాధ్యాయులు జూన్‌లోనే తరగతిలో ఉండాలి. తాత్కాలిక బోధకులను నవంబరులో పంపి, మార్చిలో ఫలితం అడగడం పిల్లలను వెక్కిరించడమే. ఉర్దూ నుంచి ఇంగ్లిష్ మాధ్యమానికి మారిన పిల్లలకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే వారధి తరగతులు కావాలి. మైనారిటీల ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022లో కేంద్రం 1 నుంచి 8 తరగతులకు నిలిపివేసి, 9, 10 తరగతులకే పరిమితం చేసింది. పునాది పడే తరగతుల్లో చేయూత తీసేసి, పై అంతస్తు ఎందుకు కట్టలేదని అడిగే నీతి ఇది. దీన్ని ప్రశ్నించకుండా ఊరుకోరాదు.

మనల్ని మనం అడగవలసినవి

మే నెలలో ఫలితాలు రాగానే మన సంఘాలు సన్మాన సభలు జరుపుతాయి. శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద పెద్దల ప్రసంగాలు. మంచిదే. కాని గెలిచినవారిని మెచ్చుకోవడానికి పెట్టే ఖర్చులో సగమైనా, గెలవగలిగినవారిని జూన్‌లో వెతకడానికి పెడుతున్నామా? ఊరూరా ప్రభుత్వ ధనంతో కట్టిన షాదీఖానాలు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో వాటికి తాళాలే. మగ్రిబ్ నుంచి ఇషా వరకు అక్కడ నాలుగు దీపాలు వెలిగించి, రెండు బల్లలు వేసి, డిగ్రీ చదివే ఇద్దరు యువకులను కూర్చోబెడితే ఒక మొహల్లా తలరాత మారుతుంది. ఆడపిల్లలకు వేరుగా ఏర్పాటు చేస్తే వారు ఇంకా ఎక్కువగా వస్తారు. అత్తెసరు మార్కులు తెచ్చిన కూతురికి పెళ్లి సంబంధం చూడడం తండ్రికి తేలిక. 550 దాటిన మెమో చేతిలో ఉన్న కూతురి చదువు మాన్పించడం ఏ తండ్రికీ అంత తేలిక కాదు.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన కాలక్రమం ఒకటుంది. ఏడో తరగతిలో 55 శాతం తెచ్చుకుని, ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ పాఠశాలలో వసతి గృహం లేకుండా చదువుతూ, కుటుంబ ఆదాయం ఏటా మూడున్నర లక్షల రూపాయలు మించని పిల్లలు ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ ముగిసే వరకు ఏడాదికి 12,000 రూపాయలు. పదో తరగతిలో 60 శాతం రాకపోతే ఆ పైన అది ఆగిపోతుంది. 35 మార్కుల దయ అక్కడా చెల్లదు. తొమ్మిదో తరగతి బీజగణితం రాని పిల్లవాడికి పదో తరగతి వర్గ సమీకరణాలు రావు. కాబట్టి ఆ ఏడాది సెలవుల్లోనే లోటు పూడ్చాలి. పదో తరగతిలో, తెలంగాణలోని 80:20 విధానంలో ప్రతి సబ్జెక్టులో 20 మార్కులు ఏడాది పొడవునా జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనాలవే. ఆరు సబ్జెక్టులకు 600లో 120 మార్కులు మార్చి రాకముందే తేలిపోతాయన్నమాట. వాటిని నిర్లక్ష్యం చేసినవాడు చివరి వంద రోజుల్లో ఎంత చదివినా ఆ 120 తిరిగి రావు. రెండు రాష్ట్రాల్లోనూ వర్తించే మాట ఇంకొకటి: డిసెంబరు తరువాత కొత్త పాఠం ఉండకూడదు. వారానికి ఒక పాత ప్రశ్నపత్రాన్ని గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా రాయాలి. చేసిన తప్పులను వేరే పుస్తకంలో రాసుకుని సరిదిద్దుకోవాలి.

పరీక్షకు ముందు నామినల్ రోల్స్ తయారయ్యేటప్పుడు తండ్రి స్వయంగా బడికి వెళ్లి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూడాలి. మెమోలో పేరు ఒక తీరుగా, ఆధార్‌లో, బీసీ-ఇ ధ్రువపత్రంలో మరో తీరుగా ఉంటే, కష్టపడి తెచ్చుకున్న మార్కులు కూడా కౌన్సెలింగ్ బల్ల దగ్గర ఆగిపోతాయి.

హక్కుల కోసం వినతిపత్రాలు రాసే చేతులే ఈ పనీ చేయాలి. వచ్చే జుమా రోజున మస్జిద్ కమిటీలు ఒక కాగితం తీసుకుని, తమ మొహల్లాలో 8, 9, 10 తరగతులు చదువుతున్న పిల్లల పేర్లు, వారి బడిలో ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టులు రాసుకోవాలి. మొదటి జాబితాను షాదీఖానా తలుపు తెరిచేవారి చేతిలో, రెండో జాబితాను జిల్లా కలెక్టరు చేతిలో పెట్టాలి. వెనుకబడినవారి జాబితాలు ఇకపై డిసెంబరులో ఇంకొకరు రాయడం కాదు. ముందుకు నడిపించవలసినవారి జాబితాలు జూన్‌లో మనమే రాసుకుందాం.